ఎవరిదీ కాని గొంతు

రోక్కమన్న
నవంబరు, ఆత్మల పండుగ వెళ్లిన వారం

తమ్ముడు బైంజుకి,

మీ అక్క మద్దలేన దీవించి రాసేది. నీ ఉత్తరం అందింది. పోస్టు మనిషి దాన్ని తిన్నగా మనింటికి తేకుండా వీధివీధీ తిప్పి, దారిలో అందరికీ నీ క్షేమం చెప్పి, చివరికి మన గడపలో పడేసి పోయాడు. కవరు విప్పకుండానే నీ క్షేమం వాడికెలా తెలిసిందో వాణ్నే అడగాలి.

అమ్మ అడగమన్నవి ముందు రాసేస్తాను, లేకపోతే నా ప్రాణం తీస్తుంది. అక్కడ కడుపునిండా పెడుతున్నారా? దగ్గు తగ్గిందా? మంచు పడే కొండ కదా, ఉన్ని చొక్కా లోపల వేసుకుంటున్నావా, లేక నర్సుల ముందు షోకు చేస్తున్నావా? చివరి ముక్క నేను కలిపాను.

నాన్న ఏమీ అడగమనలేదు. కానీ నేను ఉత్తరం చదువుతున్నంతసేపూ వలలో ఒకే కన్నును విప్పుతూ ముడివేస్తూ కూర్చున్నాడు. గనిలోకి వెళ్లొద్దని ఆనాడే గట్టిగా చెప్పి ఉంటే నీ ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్ము చేరేది కాదని ఆయన బాధ. పైకి అనడు, అంతే.

సిలువ సంఘం పెద్ద వచ్చాడు. మట్టల ఆదివారం మరునాటి ఊరేగింపు పాట గురించి ఇప్పట్నుంచే మాటలు. పాడేది నలుగురు కదా, అడుగు గొంతు నాన్నది, ఆసరా గొంతు గంతినె మామయ్యది, నడి గొంతు తొమెయు బావది. పై గొంతు ఎవరిదని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, లెనార్దు బాగానే పాడతాడట కదా అన్నాడు. నాన్న తల ఎత్తకుండా, "ఆ చోటుకి మనిషి ఉన్నాడు. తాడు వాడి దగ్గరుంది" అన్నాడు. పెద్దాయన గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

నువ్వు పాటగాడి నడుం తాడు పెట్టెలో పెట్టుకుని వెళ్లావని ఊరందరికీ తెలుసు. తాడు ఎవరి దగ్గరుంటే చోటు వాళ్లది. మనిషి పోతే తాడు వాడితోనే మట్టిలోకి పోతుంది. బతికుండగా తిరిగి పంపినవాణ్ని నేనైతే చూడలేదు. కాబట్టి తొందరగా కోలుకుని తాడుతో సహా దిగు. లెనార్దు అడిగినట్టు చెప్పమన్నాడు. నన్ను చేసుకుంటానని మన గుమ్మం చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్న ఆ మనిషిని నాన్న ఇంకా లోపలికి రమ్మనలేదు.

మీ అక్క,
మద్దలేన


కొండమీది ఆసుపత్రి, వాల్తెల్లీన
జనవరి

అక్కా,

నేను క్షేమం. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయేమిటా అని ఆశ్చర్యపోకు, ఇక్కడ పనేం లేక చేతిరాత దిద్దుకుంటున్నాను. బరువు కూడా పెరిగాను. రోజూ మధ్యాహ్నం మమ్మల్ని వరండాలో మంచాల మీద దుప్పట్లు కప్పి పడుకోబెడతారు. ఎదురుగా మంచు, పైన ఆకాశం. చేపలు ఎండబెట్టినట్టు మమ్మల్ని ఎండబెడుతున్నారని నేనంటే నర్సమ్మకి కోపం వచ్చింది. ఆవిడ సముద్రం చూడలేదట, పాపం.

నా పక్క మంచం ఆయన పేరు కలాంద్రి. గుళ్లలో ఆర్గన్లకు శ్రుతి చేసేవాడు. మంచివాడు, కానీ నిద్రలో కూడా శ్రుతి గురించే మాట్లాడతాడు. ఒకరోజు మన పాట గురించి చెప్పాను. నలుగురం దగ్గరగా నిలబడి పాడతాం, నాలుగూ సరిగ్గా కలిస్తే పైన ఇంకో గొంతు వినిపిస్తుంది, ఆడగొంతులా సన్నగా ఉంటుంది, దాన్ని మేం క్వింతీన అంటాం, అంటే చిన్న ఐదవది అని. ఆయన ఎగిరి కూర్చున్నాడు. ప్రతి గొంతులోనూ పైకి వినపడని చిన్న చిన్న స్వరాలు దాగి ఉంటాయట. నాలుగు గొంతుల్లోవీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే అవన్నీ కలిసి కొత్త గొంతులా చెవికి తగులుతాయట. బానే ఉంది. కానీ ఆ పేరు ఎప్పట్నుంచి ఉంది, ఎవరు పెట్టారు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పట్నుంచీ పాడుతున్నాను, ఒక్కసారీ అడగలేదు చూడు. నాన్నని అడిగి రాయి.

ఇంకో మాట. నా చోట్లో ఎవర్నీ నిలబెట్టొద్దని నాన్నకి చెప్పు. మట్టల ఆదివారానికి రాలేకపోవచ్చు, ఆ పై ఏడాదికి తప్పకుండా వస్తాను. లెనార్దుని బుద్ధిగా వలలు చూసుకోమను. మా అక్కని అడుగుతున్నాడు, నా చోటూ అడుగుతున్నాడు, ఇక మా కుక్కని కూడా అడుగుతాడు కాబోలు.

నీ తమ్ముడు,
బైంజు


రోక్కమన్న
ఫిబ్రవరి, విభూది బుధవారం మరునాడు

తమ్ముడూ,

నీ ప్రశ్న నాన్నకి చదివి వినిపించాను. అప్పుడాయన వల పక్కన పెట్టాడు. వాళ్ల తాతగారు చెప్పిన సంగతట. పూర్వం దానికి పేరే లేదు. ఒక ఏడు ఊరేగింపులో పాటగాళ్లు తెల్లంగీల్లో, ముఖాల మీద ముసుగులతో గుండ్రంగా నిలబడి పాడుతుంటే మధ్యలో ఆడగొంతు వినిపించింది. ఎవరో ఆడమనిషి ముసుగు వేసుకుని తమలో దూరిందని నలుగురికీ అనుమానం. పాట ఆపి ముసుగులెత్తి లెక్కపెట్టుకున్నారు. నలుగురే. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ వచ్చింది. భయంతో ఆ ఐదోది ఎవరని ఒకరినొకరు అడిగారు. అప్పట్నుంచి అదే పేరైపోయింది. మరియమ్మ తల్లి గొంతని ముసలమ్మలంటారు. నాన్న మాత్రం అది ఎవరిదీ కాదంటాడు.

మీ కలాంద్రి గారు చెప్పింది నిజమే అయ్యుంటుందన్నాడు. కానీ ఇంకో సంగతి కూడా చెప్పమన్నాడు. పాడేటప్పుడు నీ గొంతు నీకు వినిపిస్తే నువ్వు ఎక్కువ పాడుతున్నట్టు. నలుగురిలో ఏ ఇద్దరి మధ్య మనస్పర్థ ఉన్నా, నలుగురూ ఎంత బాగా పాడినా అది రాదు. పిలిస్తే కూడా రాదు. నీకు ఇవన్నీ చిన్నప్పుడే చెప్పాడట, నువ్వు చెవిన పెట్టి ఉండవన్నాడు.

మన కింది గదిలో అభ్యాసం మొదలైంది. ముగ్గురే. నీ చోట కుర్చీ ఖాళీగా వేసి, దానికి రెండు పక్కలా నిలబడి పాడుతున్నారు. నీ మీద ఒట్టు, వినలేకపోతున్నాం. పై గొంతు రావాల్సిన చోట ముగ్గురూ ఒకసారి ఆగుతారు, నువ్వు పాడేంతసేపూ ఆగి మళ్లీ ఎత్తుకుంటారు. గంతినె మామయ్య నిన్న కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, జలుబు చేసిందన్నాడు. ముగ్గురితో ఊరేగింపుకి ఒప్పుకోనని సంఘం పెద్ద కబురంపాడు. నాలుగో మనిషి లేకపోతే ఈ ఏడు మన వాళ్లని పక్కన పెట్టి ఇంకో జట్టుని పంపుతాడు. నాన్న తాతల నాటి నుంచి తప్పని పాట అది. ఆయన మాత్రం, పోతే పోనీ అంటున్నాడు.

మీ అక్క


రోక్కమన్న
మార్చి

బైంజూ,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఇక్కడ కొంప మునిగింది.

అమ్మ నల్లబట్టలు కట్టింది. నీ కోసం.

గురువారం అభ్యాసం జరుగుతోంది. అమ్మ పైన కిటికీ దగ్గర కూర్చుని ఈతాకు బుట్ట అల్లుతోంది. నువ్వు పాడాల్సిన చోటు వచ్చింది, కింద ముగ్గురూ ఆగారు. అప్పుడు పై గొంతు వినిపించింది, సన్నగా. అమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. మెట్లు దిగి కింది గది తలుపు తీసి చూసింది. నాన్న, మామయ్య, తొమెయు, ఖాళీ కుర్చీ. ఒక్కో మనిషినీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత పైకి వచ్చి, అమ్మమ్మ పోయినప్పుడు కట్టిన నల్ల పావడా, నల్ల శాలువా తీసి కట్టుకుంది. "ముగ్గురు పాడితే నాలుగు గొంతులు వినిపించాయి. వాడు మనిషిగా రాలేక అలా వచ్చాడు" అంది. అప్పట్నుంచి పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. పాలు తప్ప ఏమీ తాగడం లేదు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి ఏడ్చి వెళ్తున్నారు. వద్దని చెప్పడానికి నాన్నకి నోరు రావడం లేదు, ఆ గొంతు ఆయనా విన్నాడు కదా. గంతినె మామయ్య సిలువ గీసుకున్నాడు.

నీ ఉత్తరాలు ముందు పెట్టాను. వాటిని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది వాడి రాత కాదే. వాడు అక్షరాల్ని మేకల్లా తోలేవాడు, ఒకటి గట్టు మీద, ఒకటి వాగులో. ఎవరో రాసి పంపుతున్నారు" అంది. దిద్దుకుంటున్నాడట అన్నాను. నా మొహం చూసి ఉత్తరాలు నా ఒళ్లో పడేసింది. నిజం చెప్పు బైంజూ, అది నీ రాతేనా?

ఇప్పుడు అసలు సంగతి. తిడితే తిట్టు. ఆ గొంతు లెనార్దుది. పెరటి తలుపు వెనక నిలబడి వింటున్నాడు, నేనే రానిచ్చాను. ప్రతిరోజూ ఆ ఖాళీ విని విని వాడికి పిచ్చెక్కినట్టుంది. గొంతు దానంతటదే లేచిందట, పాడుతున్నానని తెలిసేసరికి నోరు మూసుకున్నాడట. నేను పక్కనే ఉన్నాను, ఆపలేకపోయాను. ఇంకో నిజం చెప్పనా, ఆపాలనిపించలేదు కూడా. అంత బాగుంది.

చెబితే అమ్మ నల్లబట్టలు విప్పుతుంది. కానీ బతికున్న మనిషి చోట్లో దొంగతనంగా పాడినవాణ్ని నాన్న ఈ జన్మలో గడప తొక్కనివ్వడు. నా బతుకు అక్కడితో సరి. చెప్పకపోతే అమ్మ నా కళ్లముందే చిక్కిపోతోంది. నేనేం చెయ్యను? నీ చేత్తో నువ్వు రాసి పంపు, వంకరగానైనా సరే, అమ్మకి చూపిస్తాను.

మద్దలేన


కొండమీది ఆసుపత్రి
మార్చి

అక్కా,

ఇది కలాంద్రి గారే రాస్తున్నారు. మొదట్నుంచీ ఆయనే. నేను చెబుతుంటే ఒక్క ముక్క మార్చకుండా రాస్తానని మాటిచ్చారు. కాబట్టి సిగ్గు వదిలేసి చెబుతున్నాను.

నీ ఉత్తరం విన్నాక మొదట కోపం వచ్చింది. లెనార్దు గొంతు పిసకాలనిపించింది. నేను చావకముందే నా చోట్లో దూరాడని కలాంద్రి గారితో అన్నాను. ఆయన దుప్పటి సర్ది, వరండా చివరిదాకా వెళ్లి వచ్చారు. తర్వాత నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఇంకేదో వచ్చింది.

అక్టోబరులో నాకు కోత వేశారు. కుడివైపు పక్కటెముకలు కొన్ని తీసేసి, ఆ పక్క ఊపిరితిత్తిని నొక్కేశారు, అది పనిచెయ్యకుండా విశ్రాంతి తీసుకోవాలని. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవదు. అందుకే రాత నాది కాదు. బరువు పెరిగానన్నది కూడా అబద్ధం. కోత వల్ల బాగుపడతానని అన్నారు, కానీ జబ్బు రెండో పక్కకి కూడా పాకింది. మొన్న డాక్టరు నాతో మాట్లాడకుండా, చివరి ప్రార్థనలు చేసే గురువుగారితో మాట్లాడి వెళ్లాడు. ఎండాకాలం చూస్తానేమో, ఆ తర్వాత సంగతి నాకు తెలియదు.

నువ్వు నన్ను పాడమని అడగలేదు కానీ, నేనే ఒకరోజు ప్రయత్నించాను. అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు. తలుపు బందు కిర్రుమన్నట్టు వచ్చింది. కలాంద్రి గారు గుమ్మంలో ఉన్నారని చూసుకోలేదు. శ్రుతి తప్పిందని ఆయన అనలేదు, అదే నాకు ఏడుపు తెప్పించింది.

కాబట్టి విను. తాడు ఈ పొట్లంలో పెడుతున్నాను. లెనార్దు దొంగచాటుగా పాడాడని నాన్నకి చెప్పకు. నేనే ఇచ్చానని చెప్పు. ఇచ్చినదాన్ని ఎవరూ దొంగిలించలేరు. అమ్మకి నీకు తోచింది చెప్పు. ఆమె పెద్దగా పొరబడలేదు, నల్లబట్టలు కాస్త ముందు కట్టింది, అంతే.

ఒక్కటే బెంగ. మన వాళ్లందరూ తాడుతో వెళ్లారు. నేను ఉత్త నడుముతో వెళ్తాను. ఫరవాలేదులే. ఆ కుర్చీ మాత్రం ఇక ఖాళీగా వెయ్యకండి, మామయ్యకి జలుబు ఎక్కువవుతుంది.

బైంజు


రోక్కమన్న
ఏప్రిల్, ఊరేగింపు మరునాడు

నా తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. దాన్నిండా నువ్వు నన్ను నవ్వించాలని చూశావు, అది ఇంకా కష్టమైంది. ఎవరికీ చదివి వినిపించలేదు. తాడు మాత్రం నాన్న ఒళ్లో పెట్టి, పై గొంతు లెనార్దుకి ఇమ్మన్నావని చెప్పాను.

నాన్న ఎందుకని అడగలేదు. తాడుని చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. కిటికీలోంచి సముద్రం కేసి చూస్తూ, "వాణ్ని రమ్మను" అన్నాడు. ఇన్నేళ్లలో లెనార్దు మన గడప లోపలికి రావడం అదే మొదలు. ఎలా రావాలని నేను కోరుకున్నాను, ఎలా వచ్చాడు చూడు.

నలుగురూ అభ్యాసం చేశారు. లెనార్దు తప్పు పాడలేదు, అయినా రాలేదు. ఐదోది రాలేదు. రోజూ పాడేవారు, రోజూ నాన్న మధ్యలో ఆపేసి, నా గొంతు నాకు వినిపిస్తోంది, తప్పు నాదే అనేవాడు. లెనార్దు తల దించుకుని వెళ్లిపోయేవాడు. ఆయన వీడి ముఖం చూసి పాడలేకపోతున్నాడని అందరికీ తెలుసు. తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

సోమవారం తెల్లవారుతుండగా గుడి ముందు అందరూ తెల్లంగీలు వేసుకున్నారు. లెనార్దు నీ తాడు కట్టుకోబోతే చాలలేదు. నీ నడుమెంత, వాడి నడుమెంత? రెండు కొసలు కలిశాయి గానీ ముడికి మిగల్లేదు. వాడు పొట్ట లోపలికి పీల్చి మళ్లీ ప్రయత్నిస్తుంటే తొమెయు బావ నవ్వాపుకోలేకపోయాడు. లెనార్దు చెవులు ఎర్రబడ్డాయి, కళ్లనీళ్లొక్కటే తక్కువ. అప్పుడు నాన్న తన తాడు విప్పాడు. దాన్ని లెనార్దు చుట్టూ తిప్పి తన చేత్తో ముడివేశాడు. నీ తాడు తను కట్టుకున్నాడు. ఈ శీతాకాలం బాగా చిక్కాడు కదా, సరిగ్గా సరిపోయింది. ముసుగు మీదికి లాక్కున్నాడు.

మన వీధి మలుపులో పాడారు. అమ్మని నేనే పట్టుకుని గుమ్మంలోకి తెచ్చాను, నల్ల శాలువాతోనే. రెండో చరణం దగ్గర వచ్చింది, బైంజూ. మొదట నాకే అనిపించిందేమో అనుకున్నాను. తర్వాత వీధంతా కదలకుండా నిలబడిపోయింది. నలుగురి తలల పైన, ఏ నోట్లోంచీ రాకుండా, సన్నగా, అలా నిలబడింది. నువ్వున్నప్పుడు కూడా అంతసేపు నిలవలేదు.

అమ్మ వేలితో లెక్కపెట్టింది. నాలుగు. కళ్లు మూసుకుని చివరిదాకా విని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది మనవాడిది కాదే. నేను కన్నవాడి గొంతు నాకు తెలీదా? ఇది ఎవరిదీ కాదు. అంటే వాడు ఉన్నాడు" అంది.

ఇంట్లోకి వెళ్లి నల్లబట్టలు విప్పేసింది. పొయ్యి రాజేసింది. పవిత్ర వారంలో తీపి చెయ్యకూడదని పిన్ని మొత్తుకుంటున్నా వినకుండా, బాదం బిళ్లలు చేసి తను అల్లిన బుట్టలో పెట్టింది. అదే పంపుతున్నాను. కలాంద్రి గారికీ పెట్టు. అమ్మ పాట అందుకుంటూ తిరుగుతోంది. నేను ఆమె ముఖం చూడలేక ఉతికిన నీ చొక్కాల్నే మళ్లీ ఉతుకుతున్నాను. నిజం చెప్పలేదు. ఎలా చెప్పను?

మీ అక్క,
మద్దలేన


కొండమీది ఆసుపత్రి
ఏప్రిల్ చివర

అమ్మా, నాన్నా, అక్కా,

ఈసారి రాత నాదే. ఎడమ చేత్తో రాస్తున్నాను. చూశావా అమ్మా, మేకలు మళ్లీ గట్టెక్కాయి. బిళ్లలు అందాయి. వరండా అంతా పంచాను, నర్సమ్మ రెండు ఎక్కువ తీసుకుంది. నాన్నా, నా తాడు నీ నడుముకి ఉందట. నాకింక ఏ లోటూ లేదు. లెనార్దు బావని భోజనానికి పిలవండి, కానీ ఎక్కువ పెట్టకండి, వచ్చే ఏడు నాన్న తాడు కూడా చాలదు.

బైంజు


ఈ రెండో కాగితం నీకొక్కదానికే, అక్కా. అమ్మకి చదవకు.

నిజం చెప్పనందుకు నువ్వు బాధపడకు. ఆమెని అలాగే పాడుకోనీ, ఎన్నాళ్లైతే అన్నాళ్లు. ఒక్క పని చెయ్యి. అమ్మ విప్పిన ఆ నల్లబట్టలు ఉతికి ఆరేసే ఉంటావు. పెట్టె అడుగున పెట్టకు. ఆవిడకి వెతుక్కునే పని లేకుండా పైనే ఉంచు.